మూడో గుంటలో పెద్దాయన

పొలాల మధ్య, మూడు ఊళ్ళకు సరిసమాన దూరంలో, ఎవరూ పిలవకుండానే వచ్చి కూర్చున్న టెర్మినల్ అది. పన్నెండు తెల్లటి ట్యాంకులు, వాటి నిండా డీజిలూ పెట్రోలూ కిరసనాయిలూ. ఏ ట్యాంకైనా పగిలితే సరుకు పొలాల మీద పడకుండా చుట్టూ మనిషెత్తు గోడలు. గోడల మీద అడుగడుక్కీ అగ్గిపుల్ల బొమ్మ, దాని మీద ఎర్రటి అడ్డగీత. రోజుకు రెండొందల ట్యాంకరు లారీలు వచ్చి కడుపు నింపుకుని పోతాయి. ఇంత సరంజామా ఉండగా, పైనుంచి పెద్దవాళ్ళెవరైనా వస్తే మేనేజరు వాళ్ళను తిన్నగా తీసుకెళ్ళి చూపించేది మాత్రం ఒక చేపని. ఆ చేప పక్కన, చేతిలో పొడుగాటి గరిటె పట్టుకుని, ఫోటోకి ఎటు తిరిగి నిలబడాలో ఎవరూ చెప్పనక్కర్లేని మనిషిలా నిలబడి ఉండేది గుంటల పిన్ని.

ఆవిడకు పుట్టినప్పుడు పెట్టిన పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా కనపడదు. మేనేజరు దగ్గర్నుంచి లారీ క్లీనర్ల దాకా అందరికీ పిన్నే. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. పొట్టి, గట్టి, ముక్కు మీద కోపం. గేటు దగ్గర అడ్డంగా లారీ పెట్టిన డ్రైవరు ఎంత మొండివాడైనా, పిన్ని నడుం మీద చేతులు వేసుకుని వస్తోందంటే తాళంచెవి కోసం జేబులు తడుముకునేవాడు. అక్కడ ఎర్ర అక్షరాల హెచ్చరిక బోర్డులు నలభై ఉన్నాయి. నలభై కలిసి చేయలేని పని ఆవిడ ఒక్క చూపుతో కానిచ్చేది.

ఆవిడ ఉద్యోగం చెప్పుకోవడానికి చిన్నది. లారీలు నింపే చోట చుక్కా చుక్కా కారుతుంది. వాన పడితే ఆ చుక్కలన్నీ నీళ్ళలో కలుస్తాయి. ఆ నీళ్ళు తిన్నగా కాలవలోకి పోతే కిందివాళ్ళ పుట్టి మునుగుతుంది కాబట్టి, టెర్మినల్ వెనక మూల మూడు గుంటలు కట్టారు. మొదటి గుంటలో బురద దిగుతుంది, చమురు పైకి తేలుతుంది. రెండో గుంటలో మిగిలిన చమురు తేలుతుంది. రెండుకీ మూడుకీ మధ్య ఒక ఇనప రేకు. దాని కింద సందులోంచి నీళ్ళు మాత్రమే అవతలికి పోవాలి, పైన తేలే చమురు ఇవతలే ఆగాలి. మూడో గుంట చివర ఒక షట్టరు, షట్టరు అవతల కాలవ. తేలిన చమురును గరిటెతో తీసి డ్రమ్ములో పోయడం, మిగిలింది పీల్చుకోవడానికి దిండ్లు వేయడం, నిండిన దిండ్లు మార్చడం, రోజూ రిజిస్టరు రాయడం, ఇదీ పిన్ని పని. ఇది సరిగ్గా చేస్తే ఎవరికీ ఏమీ కనపడదు. అందుకే ఇరవై రెండేళ్ళలో ఆవిడకు కొత్త చేతి తొడుగులు ఇవ్వాలన్న ఆలోచన కూడా ఎవరికీ రాలేదు.

ఇక చేప సంగతి. ఎప్పుడో తొలి రోజుల్లో వచ్చిన మేనేజరొకడు, బుద్ధిమంతుడే, ఒక నియమం పెట్టాడు. మూడో గుంటలో ఎప్పుడూ చేపలుండాలి. చేపలు బతికి ఉంటే నీళ్ళు కాలవలోకి వదలొచ్చు. చేప చస్తే షట్టరు దించాలి, లారీలు నింపడం ఆపాలి, ఎక్కడ తేడా వచ్చిందో వెతికి బాగుచేసేదాకా మళ్ళీ ఎత్తకూడదు. పిన్ని బజారు నుంచి బొచ్చె పిల్లల్ని తెచ్చి వేసేది. అవి పాపం నాజూకు ప్రాణాలు. దిండు మార్చడం రెండు రోజులు ఆలస్యమైతే చచ్చేవి. రేకు కాస్త పక్కకు జరిగితే చచ్చేవి. చచ్చినప్పుడల్లా పిన్ని షట్టరు దించేది, లారీలు మెయిన్ రోడ్డు దాకా బారులు తీరేవి, డ్రైవర్లు చేపల వంశాన్ని మొత్తం తిట్టేవాళ్ళు, పై ఆఫీసు నుంచి ఫోన్లు మోగేవి.

ఆరేళ్ళ కిందట ఒక వానాకాలంలో ఇలా మూడుసార్లు జరిగింది. అప్పటి మేనేజరుకు సున్నం పిచ్చి. చెట్టు మొదళ్ళకూ రాళ్ళకూ చివరికి తాను కూర్చునే గది వెనక పిట్టగోడకూ సున్నం కొట్టించిన మనిషి. మచ్చ అన్నది కనపడకూడదు ఆయనకు. పిన్నిని పిలిపించాడు.

"మాటిమాటికీ చచ్చే చేపల్నే ఎందుకు తెస్తావు పిన్నీ? చావని చేపని తీసుకురా."

"చావని చేప ఎక్కడుంటుంది సార్?"

"నాకేం తెలుసు? బజారులో అడుగు. చేపలమ్మేవాడికి తెలీదా?"

ఆయన ఎగతాళికి అనలేదు. పిన్ని కూడా ఎగతాళిగా తీసుకోలేదు. ఆ ఆదివారం అక్కను వెంటబెట్టుకుని బజారుకు వెళ్ళింది. ఏ వస్తువు కొనాలన్నా అక్క పక్కనుండాలి ఆవిడకు. అక్క బేరం ఆడితే కొట్టువాళ్ళు అలిసిపోయి ఇచ్చేస్తారు. చేపలాయన మూలనున్న తొట్టిలో నల్లటి కొర్రమీను ఒకటి, పొట్టవరకైనా నీళ్ళు లేవు, కళ్ళు మిటకరించి పడుకుని ఉంది. అక్కే దాన్ని వేలితో చూపించి, "ఇది తీసుకోవే. నిన్నట్నుంచి నీళ్ళు లేకుండా పడుందంట, అయినా మనల్ని చూసి మూతి తిప్పుకుంటోంది" అంది. తడి గోనెసంచిలో చుట్టుకుని దార్లో ఇద్దరూ కడుపు చేత్తో పట్టుకుని నవ్వుతూ తెచ్చారు. సంచిలో అది అరగంట ఉంది. గుంటలో వేయగానే తోక ఒక్కసారి ఆడించి, ఇల్లు బాగానే ఉందన్నట్టు అడుక్కి దిగిపోయింది.

ఆ తర్వాత ఆరేళ్ళలో ఆ చేప చావలేదు. మేనేజర్లు మాత్రం మారారు. సున్నమాయన పోయాక ఇంకొకాయన, ఆయన తర్వాత మరొకాయన, ఇప్పుడున్నది ఫోటోల మేనేజరు. వచ్చిన ప్రతివాడికీ కుర్చీ, జీపు, అప్పగింతల కాగితాలతో పాటు ఆ చేప కూడా వచ్చేది. పెరిగి పెరిగి మోచేయంత అయింది. అందరూ దాన్ని పెద్దాయన అనేవాళ్ళు. కొన్ని నిమిషాలకోసారి పైకొచ్చి నోరు తెరిచి మళ్ళీ కిందికి పోయేది. ఫోటోల మేనేజరు అతిథులకు "సెల్యూట్ కొడుతోంది చూశారా" అని చెప్పేవాడు. వాళ్ళు చప్పట్లు కొట్టేవాళ్ళు.

పెద్దాయన పుణ్యమా అని టెర్మినల్‌లో ఇంకే పనీ చేయాల్సిన అవసరం లేకుండా పోయింది. మధ్య రేకు తుప్పు పట్టి చిల్లు పడిందని పిన్ని చెబితే, "చేప బతికే ఉందిగా" అన్నారు. చమురు పీల్చే దిండ్లు అయిపోయాయని కాగితం పెడితే, "చేప బతికే ఉందిగా, వచ్చే ఏడాది చూద్దాం" అన్నారు. మొదటి గుంటలో బురద మోకాలి లోతు పేరుకుందంటే, చేప ఎంత హుషారుగా ఉందో అడిగారు. మొదట్లో పిన్ని గొణిగేది. తర్వాత గొణగడం మానేసింది. తర్వాత్తర్వాత ఆవిడే కొత్తవాళ్ళకు "మా చేప బతికే ఉందండీ" అని గొప్పగా చెప్పడం మొదలుపెట్టింది. మూడో గుంట మీద పొద్దున్నే రంగురంగుల పలచటి పొర మెరిసేది. దాన్ని పాత గుడ్డతో తుడిచేసి, పెద్దాయన పైకొచ్చే చోటు శుభ్రంగా ఉంచి, రిజిస్టరులో "చేప బతికి ఉంది, నీళ్ళు బాగున్నాయి" అని రాసి సంతకం పెట్టేది. మనిషిని మర్యాద ఎంత తొందరగా పాడుచేస్తుందో చూడాలంటే ఆ రిజిస్టరు తిరగేస్తే చాలు.

అక్క ఇల్లు కాలవ వెంట అరమైలు కిందికి ఉంది. పెరట్లో బావి, బావి పక్కన నాలుగు తొట్లు, ఆరు తాళ్ళు. ఊళ్ళోని ఆసుపత్రి దుప్పట్లన్నీ అక్కే ఉతికేది. బావ ఇస్త్రీ చేసేవాడు. ఇరవై ఏళ్ళుగా అదే వాళ్ళ బతుకుతెరువు. నాలుగు నెలల కిందట అక్క ఒకరోజు పిన్ని ఇంటికొచ్చి గడపలోనే నిలబడింది.

"మీ గుంటల నీళ్ళు మా బావిలోకి ఊరుతున్నాయే. దుప్పట్లు కంపు కొడుతున్నాయని ఆసుపత్రివాళ్ళు తిప్పి పంపారు."

"సబ్బు మార్చు అక్కా."

"మూడు రకాలు మార్చాను. తాగే నీళ్ళు కూడా అదే వాసన."

"మా నీళ్ళు కాదు. నా చేప నిక్షేపంలా ఉంది. నీళ్ళు చెడితే చేప ఎలా బతుకుతుంది చెప్పు?"

అక్క నోరు తెరిచింది. ఏదో అనబోయింది. అక్క నోరు తెరిచి ఏమీ అనకుండా మూయడం పిన్ని పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. చివరికి, "అయితే ఆ చేపతోనే చుట్టరికం కలుపుకో" అని వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. ఆ రోజునుంచి అక్కాచెల్లెళ్ళకు మాటల్లేవు. ఎదురుపడితే ఇద్దరూ ఆకాశంలో మబ్బులు చూసేవాళ్ళు.

ఈలోగా పై ఆఫీసువాళ్ళు పర్యావరణ రక్షణలో మేటి టెర్మినల్‌కు ఒక షీల్డు పెట్టారు. ఆరేళ్ళుగా ఒక్కసారీ షట్టరు దించని టెర్మినల్ ఇదొక్కటేనట. గురువారం కమిటీ వస్తుందని కబురొచ్చింది. ఫోటోల మేనేజరు కాళ్ళు నేలమీద ఆనలేదు. పిన్నికి కొత్త టోపీ తెప్పించాడు. చేతి తొడుగులు కూడా తెప్పించాడు, ఫోటోలో చేతులు పడతాయని.

కమిటీకి మూడు రోజుల ముందు, సోమవారం పొద్దున, అక్క కోడలు వచ్చి మడతపెట్టిన తెల్ల దుప్పటి ఒకటి పిన్ని చేతిలో పెట్టింది.

"అత్తయ్య ఇమ్మంది."

"ఏం చెప్పమంది?"

"ఏమీ చెప్పొద్దంది పిన్నీ. ఆసుపత్రివాళ్ళు నెలాఖరు దాకా చూస్తామన్నారు. అది కూడా చెప్పొద్దంది."

పిన్ని దుప్పటి విప్పి ముక్కు దగ్గర పెట్టుకుంది. ముందు సబ్బు వాసన. సబ్బు కింద ఇంకేదో. కిరసనాయిలు కాదు, డీజిలు కాదు. తెలిసిన వాసనే, ఎక్కడిదో తట్టలేదు. లోపల కుర్చీలో కూర్చుని ఉన్న మొగుడి చేతికిచ్చింది. ఆయన లారీ క్లీనరుగా చేసి మానేసిన మనిషి, ఏ బండిలో ఏ చమురు పోశారో వాసనబట్టి చెప్పగలడు.

"ఇదేం వాసనో చెప్పు."

ఆయన వాసన చూశాడు. దుప్పటి ఒళ్ళో పెట్టుకుని ఆవిడ చెయ్యి పట్టుకుని అది కూడా వాసన చూశాడు.

"నీ వాసనే" అన్నాడు. "సాయంత్రం నువ్వు ఇంటికొచ్చాక ఉండే వాసన."

పిన్ని తన చేతులు తనే వాసన చూసుకుంది. అది మూడో గుంట వాసన. ఇరవై రెండేళ్ళుగా ఎన్ని సబ్బులు పెట్టినా చేతుల్ని వదలని వాసన. ఆవిడ చేతుల్ని వదిలి, అరమైలు నడిచి, అక్క బావిలో దిగి, ఎవరో జబ్బుపడ్డ మనిషి కప్పుకునే గుడ్డలోకి ఎక్కింది.

అప్పుడు గుర్తొచ్చింది ఆవిడకు, ఆ ఆదివారం, ఆ తొట్టి, అక్క వేలు. తెలియని సంగతి కాదు. కొర్రమీను పైకొచ్చి గాలి పీల్చుకుంటుందని, నీళ్ళెలా ఉన్నా దానికి పట్టదని కొన్న రోజే తెలుసు. అందుకే కదా కొన్నది. సెల్యూటని అందరూ చప్పట్లు కొడితే ఆవిడ కూడా కొట్టింది. పైగా ఆ ఊపిరి ఆడటానికి అడ్డం లేకుండా రోజూ చమురు పొర తుడిచి పెట్టింది. తనమీద తనకే ఒళ్ళు మండిపోయింది పిన్నికి. ఇన్నాళ్ళూ అందర్నీ తిట్టిన నోటితో ఆ పూటంతా తనను తాను తిట్టుకుంది, అలవాటైన నోరు కాబట్టి మొహమాటపడలేదు.

మంగళవారం బజారుకు వెళ్ళింది. ఒంటరిగా.

"ముట్టుకుంటే చచ్చే చేప కావాలి" అంది.

చేపలాయన ఎగాదిగా చూశాడు. "ఆరేళ్ళ కింద చావనిది కావాలన్నావు. ఇప్పుడు చచ్చేది కావాలంటున్నావు. నీ ఇంట్లో అంతా కులాసానేనా?"

"నోరు మూసుకుని ఇవ్వు."

వేలెడంత వెండి పరిగెలు ఇరవై ఇచ్చాడు. బుధవారం పొద్దున్నే పిన్ని రెండు బకెట్లు పెట్టింది. ఒకదాన్లో ఆఫీసు కుళాయి నీళ్ళు, రెండోదాన్లో మూడో గుంట నీళ్ళు. ఒక్కోదాన్లో అయిదేసి పరిగెలు వేసి, రెండింటినీ ఒకే నీడలో పెట్టింది. పదకొండింటికల్లా గుంట నీళ్ళలోవి అయిదూ వెల్లకిలా తేలాయి. కుళాయి నీళ్ళలోవి పరుగులు పెడుతున్నాయి. పిన్ని రెండు బకెట్లూ పట్టుకుని మేనేజరు గదిలోకి వెళ్ళి, ఆయన బల్ల మీద, షీల్డు పెట్టడానికి ఖాళీ చేయించిన చోట పెట్టింది.

మేనేజరు బకెట్లలోకి చూశాడు. కిటికీలోంచి చూశాడు. ఆ తర్వాత నీళ్ళు నమలడం మొదలుపెట్టాడు.

"ఎండకి చచ్చి ఉంటాయి."

"రెండూ ఒకే చోట పెట్టాను సార్."

"చిన్న చేపలు అంతే పిన్నీ, వాటికి బలం ఉండదు."

"అందుకే తెచ్చాను. షట్టరు దించమంటారా?"

ఆయన లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చాడు. గొంతు తగ్గించాడు. "రేపు కమిటీ. ఈ ఒక్కరోజు ఆగు. శుక్రవారం రేకు మార్పిద్దాం, దిండ్లు తెప్పిద్దాం, నీ ఇష్టం. ఇప్పుడు దించితే ఆరేళ్ళ లెక్క అంతా బయటికొస్తుంది. రోజూ నీళ్ళు బాగున్నాయని సంతకం పెట్టింది ఎవరు? నేను వచ్చి ఏడాదే అయింది. నీకు రిటైరవడానికి ఇంకా ఏడాదిన్నర ఉంది కదా."

బెదిరింపు అనడానికి వీల్లేదు, అంత నెమ్మదిగా చెప్పాడు. పిన్ని బకెట్లు తీసుకుని బయటికొచ్చింది. షట్టరు దించలేదు. ఇది ఆవిడ గురించి చెప్పే కథ కాబట్టి దాచడం కుదరదు, ఆ రోజు ఆవిడ భయపడింది. సాయంత్రం ఇంటికి వెళుతూ అక్క పెరటి పక్కనుంచే వెళ్ళింది. తాళ్ళ మీద ఆరు దుప్పట్లే ఉన్నాయి, ఎప్పుడూ అరవై ఉండేవి. అక్క తొట్టి అంచు మీద ఊరికే కూర్చుని ఉంది. అక్క ఊరికే కూర్చుని ఉండటం చూడలేక పిన్ని తల వంచుకుని వెళ్ళిపోయింది.

గురువారం పదింటికి కమిటీ దిగింది. ముగ్గురు. అందులో పెద్ద అధికారి ఒక ఆవిడ, కళ్ళజోడు మెడలో వేలాడేసుకుని, ఎక్కువగా మాట్లాడకుండా అన్నీ రాసుకుంటోంది. ట్యాంకులు చూశారు, గోడలు చూశారు, సున్నం కొట్టిన రాళ్ళు చూశారు. చివరికి మూడో గుంట దగ్గరికి వచ్చారు. గుంట అంచున కొత్త టోపీతో పిన్ని. మేనేజరు ఫోను తీసి పట్టుకున్నాడు.

"ఇదేనా ఆ చేప?" అంది అధికారి.

"ఇదేనండి."

"ఆరేళ్ళుగా చావలేదట."

"చావలేదండి. దీన్ని చంపడం మా వల్ల కాలేదు."

మేనేజరు గట్టిగా నవ్వాడు. మిగతావాళ్ళు కూడా మర్యాదకి నవ్వారు. ఆ నవ్వు ఆగేలోపల పిన్ని వలగరిటె ముంచి పెద్దాయనను పైకి ఎత్తింది. అంచున తడిపి పరిచి ఉంచిన గోనెసంచి మీద పడుకోబెట్టింది. అది తోకతో రెండు దెబ్బలు కొట్టి, బజారులో తొట్టి గుర్తొచ్చినట్టుంది, కుదురుగా పడుకుంది.

"పిన్నీ, ఏం చేస్తున్నావు? నీళ్ళలో వెయ్యి" అన్నాడు మేనేజరు.

"కంగారు పడకండి సార్. దానికి లేని కంగారు మనకెందుకు?"

పిన్ని అధికారి వైపు తిరిగి తాపీగా మొదలుపెట్టింది. రేకు చిల్లు గురించి చెప్పింది. మూడేళ్ళుగా మార్చని దిండ్ల గురించి చెప్పింది. మొదటి గుంటలో కర్ర దించి బురద ఎంత లోతుందో చూపించింది. మేనేజరు మధ్యలో రెండుసార్లు దగ్గాడు. కమిటీలో ఒకతను గడియారం చూసుకుని, "చేప చచ్చిపోతుందమ్మా" అన్నాడు. పిన్ని వినిపించుకోలేదు. పావుగంట అయింది. గోనెసంచి మీద పెద్దాయన మెల్లగా నోరు తెరిచి మూసింది.

"చూశారా, సెల్యూట్ కొట్టింది" అంది పిన్ని. "అది సెల్యూట్ కాదండి, ఊపిరి. ఇది కొర్రమీను, పైనుంచి గాలి పీల్చుకుని బతుకుతుంది. ఇప్పుడు గోనెసంచి మీద కూడా బతికే ఉంది. మరి గోనెసంచిలో నీళ్ళు బాగున్నాయని రాసుకుంటారా?"

పిన్ని గుంటలోకి వేలాడుతున్న తాడు పట్టుకుని లాగింది. తాడు చివర తీగబుట్ట. పొద్దున ఆరింటికి ఆవిడ అందులో వేసి దించిన పది పరిగెలూ తెల్లటి పొట్టలు పైకి పెట్టుకుని ఉన్నాయి. బుట్టను అధికారి పాదాల ముందు పెట్టింది. తర్వాత నడుచుకుంటూ వెళ్ళి షట్టరు చక్రం తిప్పి కిందికి దించేసింది. ఆరేళ్ళుగా తిప్పని చక్రం, పెద్ద రొద చేసింది.

"చేప చస్తే దించాలని నియమం. చచ్చాయి, దించాను."

అధికారి కళ్ళజోడు పెట్టుకుని బుట్ట చూసింది, చేపను చూసింది, రిజిస్టరు తెప్పించుకుని పేజీలు తిరగేసింది. "ప్రతిరోజూ నీళ్ళు బాగున్నాయని రాసింది ఎవరు?"

"నేనేనండి."

"ఈ చేప ఇలాంటిదని నీకెప్పుడు తెలిసింది?"

మేనేజరు ఆవిడ వైపు ఆశగా చూశాడు. నిన్ననే తెలిసిందని ఒక్క మాటంటే అందరూ గట్టెక్కుతారు. పిన్నికి కూడా ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. నోటికి ఎప్పుడూ తాళం వేయని మనిషికి ఆ ఒక్క మాట మింగడం ఎంత కష్టమైందో దగ్గరున్నవాళ్ళకు కనపడింది.

"కొన్న రోజే తెలుసండి. చావనిది తెమ్మన్నారు, తెచ్చాను. ఆ తర్వాత మర్చిపోవడం సుఖంగా ఉంది, మర్చిపోయాను."

షట్టరు పదకొండు రోజులు లేవలేదు. లారీలు మెయిన్ రోడ్డు దాకా నిలబడ్డాయి. డ్రైవర్లు తిట్లకు మళ్ళీ పదును పెట్టుకున్నారు. కొత్త రేకు వచ్చింది, దిండ్లు వచ్చాయి, బురద ఎత్తారు. కాలవ పక్కనున్న ఇళ్ళకు రోజూ ఒక నీళ్ళ ట్యాంకరు పంపమని అధికారి రాసి వెళ్ళింది. షీల్డు ఇంకో టెర్మినల్‌కు పోయింది. అక్కడ ఏ చేప ఉందో మనకు తెలియదు. పెద్దాయనను మంటలార్పే నీళ్ళ చెరువులోకి మార్చారు. అక్కడ ఏ బాధ్యతా లేకుండా హాయిగా ఉంది. మూడో గుంటలోకి మళ్ళీ బొచ్చె పిల్లలు వచ్చాయి.

పిన్నికి ఒక మెమో వచ్చింది. ఆరేళ్ళపాటు తప్పుడు వివరాలు నమోదు చేసినందుకు మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలట. పిన్ని కింద రెండు ముక్కలు రాసిచ్చింది. "చేప బతికి ఉందని రాసింది నిజం. ఇప్పటికీ బతికే ఉంది, చెరువు దగ్గరికి వచ్చి చూసుకోవచ్చు. నీళ్ళు బాగున్నాయని రాసింది అబద్ధం, దానికి ఏం చేస్తారో చేయండి." ఒక ఇంక్రిమెంటు కోసి ఊరుకున్నారు. ఉద్యోగంలోంచి తీసేస్తే ఆ గుంటల్లోకి దిగే మనిషి దొరకదని వాళ్ళకు తెలుసు.

ఇవన్నీ అయ్యాక ఒక ఆదివారం మధ్యాహ్నం పిన్ని ఆ దుప్పటి చంకలో పెట్టుకుని అక్క పెరట్లోకి వెళ్ళింది. ట్యాంకరు నీళ్ళు పట్టిన డ్రమ్ములు వరసగా ఉన్నాయి. తాళ్ళ మీద ఇరవై దుప్పట్లు. అక్క వీపు తిప్పుకుని ఉతుకుతోంది. వచ్చిందెవరో అడుగుల చప్పుడుకే తెలిసింది, తిరిగి చూడలేదు.

"నీళ్ళు మావే అక్కా" అంది పిన్ని. "బావి బాగవడానికి ఒక వానాకాలం పడుతుందంట. తప్పు నాది. ఆ చేప ఎలాంటిదో నాకు మొదట్నుంచీ తెలుసు."

అక్క ఉతకడం ఆపలేదు. నాలుగు దెబ్బలు వేశాక అంది, "నాకు మాత్రం తెలీదా? కొనిపించింది నేనే కదా."

పిన్ని చంకలోని దుప్పటి తీసి తొట్టి అంచు మీద పెట్టింది.

"ఆ రోజు మీ గడపలో, చేప ఎలా బతుకుతుందని నువ్వు అడిగినప్పుడు, అది నీళ్ళు లేకపోయినా బతుకుతుందే మొద్దూ అని నోటిదాకా వచ్చింది. ఈ వేలితోనే చూపించానని గుర్తొచ్చి ఊరుకున్నాను." అక్క చేతుల నురగ దులుపుకుంది. "నాలుగు నెలలు నీ చేప, నీ చేప అని తిట్టుకున్నాను లోపల్లోపల. తిట్టినప్పుడల్లా నాకే తగిలింది."

తొట్టిలోంచి తడి దుప్పటి ఒకటి పైకి తీసి, ఒక కొస పిన్ని వైపు విసిరింది. ఇద్దరూ చెరో కొసా పట్టుకుని ఎదురెదురుగా నిలబడ్డారు. చిన్నప్పట్నుంచీ పిండిన పద్ధతే, అక్క కుడికి తిప్పితే చెల్లెలు ఎడమకి తిప్పాలి. నీళ్ళు ధారగా కారాయి. పిన్ని అలవాటు కొద్దీ ఒంగి, ఆ ధారను అరచేతిలో పట్టి, రంగు మెరుస్తోందేమోనని వెలుతురుకు తిప్పి చూసింది.

"ఏముంది?" అంది అక్క.

"సబ్బు నురగ."

"సరిగ్గా చూసి చెప్పు."

పిన్ని మళ్ళీ చూసింది, ఈసారి తొందరపడకుండా.